అంకెలు పెన్సిల్‌తో రాయించండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో వేసవి సెలవుల ఆటల మీద వచ్చిన వ్యాసంలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి పాత్రల ఆటల గురించి రెండు పేరాలు కనిపించేసరికి నాకు పట్టలేనంత సంతోషం వేసింది. తెలుగు పేపర్లో ఈ ఆట గురించి చదవడం నాకిదే మొదటిసారి, ఆ పేజీ కత్తిరించి షాపులో గోడకు అంటించుకున్నాను. కానీ అందులో ఒక సలహా ఉంది, అది మాత్రం మింగుడు పడటం లేదు. పిల్లలు మొదటి రోజు తమ పాత్రకు ఎంచుకున్న స్కిల్స్, గుణాలు ఆఖరి దాకా మార్చనివ్వకూడదని, అలా ఉంటేనే క్రమశిక్షణ అలవడుతుందని రాశారు. దయచేసి తల్లిదండ్రులెవరూ ఆ మాట పట్టుకుని ఆడించొద్దు. నేను ఆ పని చేసి చూశాను, దానివల్ల మా ఇంటి పిల్లే ఆటకు దూరమైంది, అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నాకు తిరుపతి బాలాజీ కాలనీలో జిరాక్స్ షాపు ఉంది. హాల్‌టికెట్లు, రికార్డులు, ప్రాజెక్టు బైండింగులు, లామినేషన్, వారమంతా ఇదే పని. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి షట్టర్ సగం దించేసి, బైండింగ్ చేసే పెద్ద టేబుల్ మీద కాగితాలన్నీ పక్కకు నెట్టి ఆట మొదలుపెడతాం. ఆరేళ్లయింది మొదలుపెట్టి. ఇద్దరు డిగ్రీ పిల్లలు, ఎదురు సందులో టిఫిన్ సెంటర్ వాళ్ల అబ్బాయి, ఒక మెడికల్ రెప్, ఇంటర్ చదివే నా మేనకోడలు, కథ నడిపించడానికి నేను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి తెచ్చిన ఆట ఇది. ఒకరు కథ చెప్తారు, మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర అవుతారు, వీరుడో మాంత్రికుడో దొంగో. నువ్వేం చేస్తావు అని అడిగితే వాళ్లు చెప్పాలి, అవుతుందో కాదో తెలియని పని అయితే పాచిక వేయాలి. ప్రతి పాత్రకు ఒక కాగితం ఉంటుంది, దాన్ని క్యారెక్టర్ షీట్ అంటారు. అందులో స్ట్రెంత్, డెక్స్‌టెరిటీ, కాన్‌స్టిట్యూషన్, ఇంటెలిజెన్స్, విజ్డమ్, కరిజ్మా అని ఆరు అంకెలు, అంటే వరసగా బలం, చురుకుతనం, ఒంట్లో సత్తువ, తెలివి, వివేకం, ఎదుటివాళ్లను ఆకట్టుకునే తీరు. వాటి కింద స్కిల్స్, ఆ పక్కన స్వభావం, అంటే గుణాలు. 2014లో వచ్చిన రూల్స్‌లో స్కిల్స్ మొత్తం 18.

ఇదేదో మనది కాని వ్యవహారం అనుకోకండి. మే నెలలో గంగమ్మ జాతర చూసినవాళ్లకు వేషం అంటే ఏంటో ఇంకొకరు చెప్పక్కర్లేదు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం... ఒంటికి బొగ్గు పూసుకుని, చీర కట్టుకుని, వేపాకు చుట్టుకుని బజారంతా తిరుగుతారు, ఆ వేషంలో ఉన్నంతసేపు ఆ మనిషి నోటి నుంచి వచ్చే మాటే వేరు. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటే, వాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మ రోజుకో వేషం మార్చిందని, దొర వేషం చూసి వాడు బయటికి రాగానే సంహరించిందని కదా మన కథ. నేను చెప్పబోయే విషయానికి ఈ కథే నాకు ఆధారం. అమ్మ వేషాలు ఎన్నైనా మార్చింది, పాలెగాణ్ణి వదలకూడదన్న పట్టు మాత్రం మారలేదు. ఆటలో స్కిల్ అంటే వేషం లాంటిది, అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు. గుణం అంటే ఆ పట్టు. అది మారకూడదని కాదు, ఊరికే మారకూడదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, రెండూ మార్చొద్దు అన్నందుకే మీ వ్యాసం మీద నాకీ అభ్యంతరం.

ఇప్పుడు మా మేనకోడలి సంగతి. మొదట్లో నేను అందరి షీట్లూ శుభ్రంగా టైపు చేసి, ప్రింటు తీసి, లామినేట్ చేసి ఇచ్చాను. మిషన్ చేతిలో ఉంది కదా, పిల్లలు నలిపేయకుండా, టీ ఒలికినా పాడవకుండా ఉంటుందని. అప్పటికే ఒకరు వీరుడు, ఒకరు మాంత్రికుడు తీసేసుకున్నారు, దొంగ మిగిలింది, తను అది తీసుకుంది. తాళాలు తీయడం, నక్కి నడవడం, చేతివాటం. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆట మొదలయ్యాక తను తాళం జోలికే పోలేదు. ఎవరు ఎదురైనా మాట్లాడుతుంది. కోట వాకిట్లో కాపలావాడు కనిపిస్తే, మీ ఊరేది, మీ అమ్మకు జ్వరం తగ్గిందా అని అడుగుతుంది. ఇంట్లో చుట్టాలొస్తే లోపలి గదిలోంచి బయటికి రాని పిల్ల, కథలో ఆ కాపలావాడి తల్లి గురించి అడుగుతుంటే టేబుల్ దగ్గర అందరూ సెల్‌ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. అంత బాగా మాట్లాడిన తర్వాత ఇరవై ముఖాల పాచిక వేస్తే 12 పడింది. కావాల్సింది 15. తన షీట్ మీద కరిజ్మా 8, తక్కువ కాబట్టి పడిన దాంట్లోంచి ఒకటి తీసేయాలి, కలుపుకుందామంటే మాట్లాడి ఒప్పించే స్కిల్ అసలే లేదు. మొత్తం 11. కాపలావాడు ఈటె ఎత్తి తరిమేశాడని చెప్పాను, రూల్ అదే కాబట్టి.

ఇలా మూడు వారాలు జరిగింది. నాలుగో వారం నెమ్మదిగా అడిగింది, "మామా, ఈ చేతివాటం తీసేసి మాట్లాడేది పెట్టుకోవచ్చా?" అని. "లామినేషన్ అయిపోయింది కదమ్మా" అన్నాను. నిజంగా అదే మాట అన్నాను. ఆ తర్వాత రెండు నెలలు తను టేబుల్ దగ్గరికి రాలేదు. ఆదివారం షాపుకు వచ్చేది, మూలన స్టూలు మీద కెమిస్ట్రీ పుస్తకం పెట్టుకుని కూర్చునేది, మేం నవ్వినప్పుడు తలెత్తి చూసేది. అంతకంటే నాకు శిక్ష ఏముంటుంది.

రూల్ పుస్తకాలు మళ్లీ మొదటి నుంచి చదివాను. తీరా చూస్తే మార్చుకోవడం ఈ ఆటలో మొదటి నుంచీ ఉన్నదే. 1981లో వచ్చిన బేసిక్ రూల్స్‌లో, పాచికలు వేసి అంకెలు వచ్చాక, మీ పాత్రకు ముఖ్యమైన అంకెను ఒకటి పెంచుకోవాలంటే ఇంకో దాంట్లో రెండు తగ్గించుకోవాలి, ఏదీ 9 కంటే కిందికి దించకూడదు అని స్పష్టంగా రాశారు. 2014 రూల్స్‌లో పాచిక వద్దనుకుంటే 27 పాయింట్లు ఇచ్చి ఆరు అంకెల్నీ మనమే 8 నుంచి 15 లోపల సర్దుకోమన్నారు. 2020లో తెచ్చిన అదనపు పుస్తకంలో అయితే, ఎంచుకున్న స్కిల్ కథకు పనికిరాకపోతే కథ నడిపేవాళ్లతో మాట్లాడి దాని బదులు ఇంకోటి తీసుకోండి అని వాళ్లే చెప్పారు. ఆట తయారు చేసినవాళ్లే ఇంత వెసులుబాటు ఇచ్చినప్పుడు మనం ఎందుకు బిగదీయాలి?

కట్టర్ తీసుకుని ఆ లామినేషన్ అంచులు కోసేశాను. అందరికీ మందపాటి కాగితం మీద కొత్త షీట్లు, పెన్సిల్‌తో. మేనకోడల్ని పిలిచి సర్దుకోమన్నాను, అయితే ఊరికే కాదు. కరిజ్మా 8 ఉంది, కాన్‌స్టిట్యూషన్ 14 ఉంది, ఆ రెండూ తారుమారు చేయి, చేతివాటం వదిలేసి ఒప్పించే స్కిల్ తీసుకో అన్నాను. కాన్‌స్టిట్యూషన్ అంటే ఒంట్లో సత్తువ. అది 14 నుంచి 8కి పడితే లెవెల్‌కు 3 చొప్పున, తనది మూడో లెవెల్ (అనుభవం కొద్దీ పాత్ర ఎక్కే మెట్టు) కాబట్టి 9 హిట్ పాయింట్లు, అంటే దెబ్బలు తట్టుకునే అంకెలో 9, పోతాయి. 24 ఉన్నది 15 అయింది, కొండచిలువ ఒక్కసారి చుట్టేస్తే అయిపోయినట్టే. లెక్క వేసి చూపించాను. కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. కథలో కూడా దానికి కారణం పెట్టాం. శేషాచలం లాంటి అడవిలో విషజ్వరం తగిలి నెల రోజులు ఒక ముసలి పూజారి ఇంట్లో పడుకుంది, ఒళ్లు చిక్కిపోయింది, ఆయన దగ్గర కూర్చుని పదిమందితో మాట్లాడటం నేర్చుకుంది అని. తర్వాతి వారం మళ్లీ ఒక కాపలావాడు. విచిత్రం, మళ్లీ 12 పడింది. ఈసారి కరిజ్మాకు రెండు, స్కిల్‌కు రెండు కలిపితే 16. తలుపు తెరుచుకుంది. టిఫిన్ సెంటర్ అబ్బాయి టేబుల్ మీద చరిచి "అదీ!" అని అరిచాడు, పక్క షాపాయన ఏం గొడవబ్బా అని షట్టర్ కింద నుంచి తొంగి చూశాడు.

అందుకే స్కిల్స్ విషయంలో నా పద్ధతి ఇది. మొదటి మూడు ఆదివారాలు ఎవరైనా ఏదైనా ఏ లెక్కా లేకుండా మార్చుకోవచ్చు, ఎందుకంటే ఆడకముందు ఏది కావాలో ఎవరికీ తెలీదు. ఆ తర్వాత లెవెల్ పెరిగినప్పుడు ఒక్కటి, అదీ ఏదో ఒకటి వదులుకుని. కథలో కారణం ఉండాలి. వాడగా వాడగా వచ్చే నేర్పు అంటే నాకు ఇంకా ఇష్టం, అది 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ అనే ఆటలో నేర్చుకున్నాను. అందులో స్కిల్స్ నూటికి ఇంత అని ఉంటాయి. ఒక స్కిల్‌ను కథలో గెలిచేలా వాడితే దాని పక్కన గుర్తు పెట్టుకుంటారు, కథ అయ్యాక నూటి పాచిక వేస్తారు, ఇప్పుడున్న అంకె కంటే ఎక్కువ పడితేనే ఆ స్కిల్ పెరుగుతుంది. 30 ఉన్నవాడికి పెరగడం సులువు, 80 ఉన్నవాడికి గగనం. వీణ నేర్చుకునేవాళ్లను అడగండి, మొదటి ఏడాది వచ్చినంత వేగంగా పదో ఏడాది రాదు.

ఇంకో చిన్న లెక్క కూడా పెద్దవాళ్లు తెలుసుకోవాలి, ఒక అంకె పెంచడం అన్నిచోట్లా ఒకటే కాదు. ఇరవై ముఖాల పాచికతో ఆడితే ఒక్క అంకె ఎక్కడ పెంచినా 5 శాతమే. కానీ కొన్ని ఆటల్లో మామూలు పాచికలు మూడు వేసి, మొత్తం మన అంకెకు సమానంగా గానీ తక్కువగా గానీ రావాలంటారు. అక్కడ 10 ఉన్నవాడికి సగానికి సగం అవకాశం, దాన్ని 11 చేస్తే 62.5 శాతం అవుతుంది, ఒక్క అంకెకే అంత. అదే 15 ఉన్నవాడికి 16 ఇస్తే 3 శాతం కూడా పెరగదు. కాబట్టి నడిమధ్య ఉన్న అంకెను ముట్టుకునేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి.

గుణాల దగ్గరికొస్తే నేను చాలా గట్టిగా ఉంటాను. పిల్లలు వైకుంఠపాళి ఆడేటప్పుడు నిచ్చెన మంచి గుణం, పాము చెడ్డ గుణం అని పెద్దవాళ్లు చెప్పేవారు, కానీ అందులో మనం చేసేదేమీ లేదు, గవ్వలు ఎటు తోస్తే అటే. పాత్రల ఆటలో అలా కాదు. 1985లో గ్రెగ్ స్టాఫోర్డ్ తెచ్చిన పెండ్రాగన్ అనే ఆటలో గుణాలు పదమూడు జంటలుగా ఉంటాయి. దయ ఒకవైపు క్రూరత్వం ఒకవైపు, నిజాయితీ ఒకవైపు మోసం ఒకవైపు, ధైర్యం పిరికితనం, వినయం గర్వం, ఇలా. ప్రతి జంట మొత్తం 20. దయ 13 అయితే క్రూరత్వం 7. ఒకటి పెరిగితే రెండోది దానంతట అదే తగ్గుతుంది. ఎంత బాగా ఆలోచించాడో ఆ మనిషి! మా ఆట రూల్స్ వేరే అయినా ఈ జంటలు మాత్రం తెచ్చి మా షీట్ల వెనక్కి అచ్చు వేయించుకున్నాను, తెలుగులో.

మాలో ఒక డిగ్రీ కుర్రాడు ఉన్నాడు, వాడి వీరుడికి దయ 13. చంద్రగిరి లాంటి కోట, పాలెగాడి మనిషి ఒకడు పట్టుబడ్డాడు, చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. వాడు ఏమీ దాచలేదు, అన్నీ చెప్పేశాడు కూడా. ఈ కుర్రాడు "నరికేస్తున్నాను" అన్నాడు. మళ్లీ అడిగాను, ఇంకోసారి అడిగాను. నరికేశాడు. టేబుల్ దగ్గర ఎవరూ మాట్లాడలేదు. క్రూరత్వం పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టమన్నాను. కథ అయ్యాక ఇరవై ముఖాల పాచిక వేయాలి, 7 కంటే ఎక్కువ పడితే క్రూరత్వం ఒకటి పెరుగుతుంది. 15 పడింది. దయ 12, క్రూరత్వం 8.

వాడు ఒప్పుకోలేదు. "అట్లెట్లన్నా, నా వాడు మంచోడు కదా, ఒక్కసారికే మార్చేస్తారా, కావాలంటే నా ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు తీసుకుని 13 చేయండి" అన్నాడు. అలా ఆడినందుకు వచ్చిన పాయింట్లిచ్చి గుణం కొనుక్కునే ఆటలు ఉన్నాయి. 1986 నాటి గుర్ప్స్‌లో కోపిష్టితనం, పిసినారితనం లాంటి లోపాలు తీసుకుంటే పాయింట్లు వస్తాయి, తర్వాత పాయింట్లు కట్టి ఆ లోపం వదిలించుకోవచ్చు. చాలా మంచి ఆట, నేనూ ఆడాను, కానీ నాకు ఆ ఒక్కటీ నచ్చదు. కాణిపాకంలో ప్రమాణం చేయడానికి వెళ్లేవాళ్లు కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ముందు నిలబడతారు, అక్కడ ఎవరూ నేను ఫలానా అంత మంచివాణ్ణి అని లెక్క చూపించరు, చేశానా లేదా అన్నదే మాట. ఆటలో గుణానికి కూడా అంతే ఉండాలని నా పట్టుదల. నువ్వు చేసిన పనే దాన్ని మార్చాలి, వేరే ఏదీ మార్చకూడదు. మిగతా నలుగురినీ అడిగాను. అందరూ 12 అనే అన్నారు.

నాలుగు నెలల తర్వాత, వాడి వీరుడి సొంత తమ్ముడు ద్రోహం చేసి దొరికిపోయాడు. కుర్రాడికి తమ్ముణ్ణి క్షమించాలని ఉంది. అంత కోపంలో దయ గెలుస్తుందా లేదా అని పాచిక వేయాలి, 12 గానీ తక్కువ గానీ పడాలి. 13 పడింది. సరిగ్గా 13. వాడు ఆ పాచిక వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు, వాడికే గుర్తొచ్చింది. టీ తెప్పించాను, తాగలేదు. ఆ తర్వాత కథల్లో వాడు పనిగట్టుకుని ఖైదీలను విడిపించాడు, శత్రువు గాయపడితే మోసుకొచ్చాడు, ప్రతిసారీ గుర్తు పెట్టాం, ఆఖర్న పాచిక వేశాం. దయ 13 నుంచి 14 కావాలంటే 14 గానీ పైన గానీ పడాలి, నూటికి 35 వంతులే అవకాశం. ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు వాడి షీట్ వెనక దయ దగ్గర 14 ఉంది, చెరిపి చెరిపి కాగితం అక్కడ గరుకు తేలింది, వెలుతురుకు పెడితే అవతలి వేలు కనిపిస్తుంది.

మీ వ్యాసం ప్రకారం ఆడి ఉంటే ఆ దయ 13 దగ్గరే ఉండేది. వాడు కట్టేసిన మనిషిని చంపినా 13, శత్రువును మోసుకొచ్చినా 13. అందులో క్రమశిక్షణ ఏముంది?

పిల్లలు గెలవడానికే అంకెలు మారుస్తారు కదా అని కొందరు తల్లిదండ్రులు నన్ను అడిగారు. మారుస్తారు, మొదట్లో అందరూ అదే చేస్తారు. అందుకే ఏదో ఒకటి వదులుకోవాలన్న నియమం, అందుకే టేబుల్ దగ్గర అందరూ ఒప్పుకోవాలన్న నియమం. నలుగురి ముందు కారణం చెప్పాల్సి వచ్చేసరికి, దొంగ లెక్కలు వాళ్లంతట వాళ్లే మానేస్తారు.

ఇంకొక్క సంగతి. షీట్ మీద ఉన్న స్కిల్స్ అన్నీ మన ఊరికి సరిపోవు, అవీ సర్దుకోవచ్చు. అథ్లెటిక్స్ అనే స్కిల్‌కు స్ట్రెంత్ కలపాలని ఉంటుంది. మా మెడికల్ రెప్ అలిపిరి దారిలో నెలకోసారి నడిచి కొండెక్కుతాడు, 3,550 మెట్లు. "మోకాళ్ల పర్వతం దగ్గర కండలు తిరిగినోళ్లు కూర్చుండిపోతారు, ముసలమ్మలు గోవిందా అనుకుంటూ దాటిపోతారు, అది బలమెట్లయితాది" అని వాదించాడు. నిజమే. 2014 పుస్తకంలోనే, సందర్భాన్ని బట్టి ఒక స్కిల్‌కు వేరే అంకె కలపొచ్చని, దూరం ఈదాల్సి వస్తే బలం బదులు సత్తువ కలపమని ఉదాహరణ ఉంది. మేం కొండ మెట్లకు కూడా అదే పెట్టుకున్నాం. బేరమాడటం అని కొత్త స్కిల్ ఒకటి చేర్చుకున్నాం, మామిడికాయల సీజన్లో చిత్తూరు మండీలో తిరిగినవాళ్లు ఆ స్కిల్ లేకుండా ఆడలేమన్నారు.

ఈ ఉత్తరం మొత్తం వేయడానికి చోటు ఉండదని తెలుసు. ఎంత కత్తిరించినా పర్వాలేదు, సెలవులు అయిపోకముందే షీట్లు పెన్సిల్‌తో రాయించండి, మొదటి మూడు సార్లు మార్చుకోనివ్వండి అన్న రెండు ముక్కలు మాత్రం వేయండి. ఆ వ్యాసం చదివి షీట్లు లామినేట్ చేయించడానికి ఈ వారమే ఇద్దరు తండ్రులు మా షాపుకు వచ్చారు. వాళ్లకు చేయనని చెప్పి, రెండు పెన్సిళ్లు ఇచ్చి పంపాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బాలాజీ కాలనీ, తిరుపతి.